దవడ నొప్పికి బొటాక్స్ చేయించుకోమంటారా డాక్టర్ గారూ?

ఈ నెల ఉత్తరాల్లో దవడ గురించే నాలుగొచ్చాయండి, నాలుగూ మన గోదావరి జిల్లాల నుంచే, మూడింట్లో బొటాక్స్, అంటే కండని వదులు చేసే సూదిమందు, అన్న మాట ఉంది. ఐదారేళ్ళ కిందట ఈ మాట నా దగ్గరికొచ్చే పేషెంట్ల నోట వినేదాన్నే కాదు, ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా బ్యూటీ క్లినిక్ బోర్డుల మీద కనపడుతోంది. అందుకే ఈసారి పుచ్చుపళ్ళు, చిగుళ్ళ ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి పేజీ మొత్తం దవడకే ఇచ్చేస్తున్నా. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైంది, ఓపిగ్గా చదవండి, తర్వాత ఉత్తరాలకి కూడా అందులో చెప్పినవే సగం పనికొస్తాయి.

ప్రశ్న: నమస్కారం డాక్టర్ గారూ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరండి. వయసు 33. లేసు అల్లుతాను, రోజుకి ఆరేడు గంటలు తల వంచుకుని కూర్చోవడమే. ఏడాదిన్నర నుంచి ఎడమ చెవి ముందు నొప్పి, పొద్దున్న లేచేసరికి దవడలు బిగుసుకుపోయి ఉంటాయి, కణతలు లాగేస్తాయి, ఆవలిస్తే టక్కుమంటది. చెవి డాక్టరు గారు చూసి చెవిలో ఏం లేదన్నారు. పళ్ళ డాక్టరు గారు దవడ కీలు నొప్పి అని చెప్పి రాత్రి పళ్ళకి తొడుక్కోడానికి గార్డు చేసిచ్చారు, వాంతొచ్చినట్టుంటే పది రోజులు పెట్టి మానేశాను. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో బొటాక్స్ చేయించుకుంది, నొప్పీ పోయింది మొహమూ సన్నబడిందంటుంది. మా దగ్గర టౌన్లో బ్యూటీ క్లినిక్ వాళ్ళు ఇద్దరొస్తే తక్కువకి చేస్తామంటున్నారు. మా ఆయనేమో అది విషం, జోలికెళ్ళొద్దంటున్నారు. రెండో బిడ్డ కోసం కూడా చూస్తున్నామండి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాటతోనే మొదలెడతాను, ఎందుకంటే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బొటాక్స్ అన్నది కంపెనీ పెట్టుకున్న పేరు, సీసాలో ఉండేది బొట్యులినమ్ టాక్సిన్, క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే క్రిమి తయారుచేసే విషం. పూర్వం యూరప్‌లో సరిగ్గా నిలవపెట్టని సాసేజీలు తిని జనం కనురెప్పలు వాలిపోయి, మింగలేక, ఊపిరాడక చనిపోయేవాళ్ళు, లాటిన్‌లో సాసేజీని బొట్యులస్ అంటారు, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. 1895లో బెల్జియంలో ఒక పల్లెటూళ్ళో చావుకి వాయించడానికొచ్చిన బ్యాండువాళ్ళు నిలవున్న పంది మాంసం తిని పడిపోతే, ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ఆయన ఈ క్రిమిని పట్టుకున్నాడు. ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు, మనకి బాగా తెలిసిన ధనుర్వాతం ఉందే, ఇనప మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజక్షన్ చేయించుకోమనేది దానికోసమే కదా, ఆ ధనుర్వాతం తెచ్చే క్రిమీ ఈ క్రిమీ ఒకే కుటుంబం. దాని విషం దవడ బిగించేస్తుంది, దీని విషం కండల్ని వదులు చేసేస్తుంది, అక్కచెల్లెళ్ళిద్దరిదీ చెరో స్వభావం.

విషం మందెలా అయ్యిందంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టరు గారు మెల్లకన్నుకి ఆపరేషన్ లేకుండా కంటి కండని కొంచెం వదులు చెయ్యగలమా అని దీన్ని చాలా చాలా తక్కువ మోతాదులో వాడి చూశారు. 1989లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ మెల్లకన్నుకీ, కనురెప్పలు ఆగకుండా కొట్టుకునే జబ్బుకీ దీన్ని ఒప్పుకుంది. కనుబొమల మధ్య ముడతలకి ఒప్పుకున్నది 2002లో, ఎన్నాళ్ళకీ తగ్గని మైగ్రేన్ తలనొప్పికి 2010లో. అంటే అందానికి రాకముందే ఇది వైద్యంలో ఉంది. కాబట్టి విషం అన్న ఒక్క మాటకే భయపడి వద్దనక్కర్లేదు, మోతాదు తెలిసిన చేతిలో అది మందే. కానీ ఎవరి చేతిలో ఉంది, ఏ జబ్బుకి వాడుతున్నారు, ఈ రెండూ తేలకుండా సరే అనకూడదు.

అది లోపల చేసే పని ఇదీ. మెదడు నుంచి నరం వెంట వచ్చిన కబురు కండకి అందాలంటే నరం చివర్న ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కొంచెం కొంచెం వదలాలి. ఈ మందు ఆ వదలడాన్ని ఆపుతుంది. మీకు తెలిసినట్టు చెప్పాలంటే కాలవ నిండా నీళ్ళున్నాయి, కానీ మన చేలోకొచ్చే తూము మూసేశారు, అలాగన్నమాట. నరం బాగానే ఉంటుంది, కండా బాగానే ఉంటుంది, మధ్యలో తూము మూత. సూది వేసిన రోజు ఏమీ తెలీదు, మూడో రోజు నుంచి వారంలోపు మొదలై, రెండు వారాలకి పూర్తిగా పనిచేసి, మూడు నాలుగు నెలలకి నరం మళ్ళీ దారి తెరుచుకుని కండ ఎప్పట్లాగే బిగుస్తుంది. అంటే మీ పిన్ని కూతురికి నొప్పి పోయిన మాట నిజమే అయ్యుండొచ్చు, ఆరు నెలల తర్వాత ఎలా ఉందో కూడా ఓసారి అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. దవడ నొప్పి అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అది రెండు చోట్ల పుడుతుంది. చెవి ముందు దవడ ఎముక పుర్రెకి తగిలించుకున్న కీలు ఒకటి, దాని మధ్యలో మెత్తటి చక్రంలాంటి డిస్క్ ఉంటుంది, నోరు తెరిచినప్పుడల్లా అది ముందుకి జారి వెనక్కొస్తుంది, ఆ జారడంలో తేడా వస్తే టక్కుమని చప్పుడు. రెండోది కండలు, చెంప మీద దవడ మూలన ఉండే మాసెటర్, కణత మీద విసనకర్రలా పరుచుకున్న టెంపొరాలిస్, ఇంకా లోపల చిన్నవి ఉన్నాయి. బొటాక్స్ పనిచేసేది కండ మీద. జారిన డిస్క్‌ని అది ఎక్కించదు, అరిగిన కీలుని అతకదు, కీళ్ళవాతం వచ్చిన కీలుకి మందు కాదు. ఈ తేడా చెప్పకుండా దవడ కీలు నొప్పికి బొటాక్స్ అని బోర్డు పెట్టేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం వస్తుందండి, నొప్పితో ఉన్న మనిషి దేనికైనా సిద్ధపడతాడు, ఆ అవసరం మీద వ్యాపారం చెయ్యకూడదు.

మీరు ఇంట్లో ఇలా చూసుకోండి. రెండు చేతుల వేళ్ళూ చెంపల మీద దవడ మూలకి పెట్టి పళ్ళు గట్టిగా కరవండి, వేళ్ళ కింద గట్టిగా ఉబ్బుతుందే అదే మాసెటర్. పళ్ళు వదిలేసి అక్కడ, తర్వాత కణతల మీద, వేలితో నొక్కండి. రోజూ వచ్చే నొప్పే అచ్చంగా వస్తే అది కండ నొప్పి వైపు చూపిస్తుంది. తర్వాత చూపుడువేలు చెవి ముందు పెట్టి నోరు మెల్లగా తెరిచి మూయండి, అక్కడ వేలు కింద కదిలేది కీలు, అక్కడే పొడిచినట్టుంటే కీలు సంగతి. నోరు పూర్తిగా తెరుచుకుంటోందా అని, నోట్లో మీ మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయో లేదో కూడా చూడండి. చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే, నోరు పట్టేయకపోతే, దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు, చాలామంది ఆ చప్పుడుతోనే జీవితమంతా హాయిగా గడిపేస్తారు. మీరు రాసిన దాన్ని బట్టి, అంటే పొద్దున్నే బిగుసుకోవడం, కణతలు లాగడం చూస్తే కండల పాలు ఎక్కువనిపిస్తోంది గానీ ఉత్తరం చూసి తేల్చేది కాదిది, చేత్తో నొక్కి చూసి చెప్పాల్సిందే.

కండ నొప్పే అనుకుందాం, అయితే బొటాక్స్ చేయించేసుకోవచ్చా? ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్తాను. దవడ నొప్పికని ఎఫ్‌డీఏ దీన్ని ఒప్పుకోలేదు, వేసే డాక్టర్లు తమ విచక్షణ మీద వేస్తున్నారు, వైద్యంలో అది కొత్తా కాదు తప్పూ కాదు గానీ పేషెంటుకి ఆ ముక్క చెప్పాలి. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మూడు నెలలు దాటిన దవడ నొప్పికి ఏ వైద్యం మంచిదో మార్గదర్శకాలొచ్చాయి. వాటిలో ముందు వరసలో గట్టిగా చెయ్యమన్నవేంటంటే, దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపీ వాళ్ళు కండ పట్టేసిన చోట చేత్తో వదులు చెయ్యడం, మెడ వీపు కూర్చునే తీరు సరిచేసుకోవడం, బెంగ తగ్గించే కౌన్సెలింగ్, ఇంట్లో చేసుకునే జాగ్రత్తలు. బొటాక్స్ ఏమో మామూలుగా వద్దులే అన్న వరసలో ఉంది, వచ్చే లాభం కంటే ఖర్చూ ఇబ్బందీ ఎక్కువుండొచ్చని. నైట్ గార్డు కూడా నొప్పి తగ్గించడం వరకు చూస్తే ఆ వరసలోనే ఉందండి, కాబట్టి మీరు పది రోజులకే మానేసినందుకు బాధపడకండి. పళ్ళు అరిగిపోతుంటే మాత్రం పళ్ళని కాపాడటానికి గార్డు కావాలి, అప్పుడు వాంతి రాకుండా వెనకవైపు కొంచెం కత్తిరించి సరిచేయమని ఆ డాక్టరు గారినే అడగండి, చేస్తారు.

నా దగ్గర బొటాక్స్‌తో నిజంగా తేరుకున్నవాళ్ళు ఉన్నారు, లేరనను. కండలు రాయిలా గట్టిపడిపోయి, వ్యాయామాలు మూడు నాలుగు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గనివాళ్ళకి, ఆ మూడు నెలల విశ్రాంతిలో కండ ఊపిరి తీసుకుంటుంది, అలవాటు మార్చుకోడానికి వ్యవధి దొరుకుతుంది. నేను దాన్ని చివరి మెట్టుగానే వాడతాను, అది కూడా మిగతావన్నీ కొనసాగిస్తేనే.

మీ విషయంలో ఇంకోటుంది, రెండో బిడ్డ కోసం చూస్తున్నామన్నారు. గర్భంలో, పాలిచ్చేటప్పుడు ఈ మందు వెయ్యరు, బిడ్డకి ఏం కాదని చెప్పడానికి తగినంత ఆధారం లేదు. ఏ నెలలో నెల తప్పుతారో ముందే తెలీదు కదమ్మా, కాబట్టి మీకు ఇప్పుడు వద్దు. ఆఫర్ ఎంత తక్కువకిచ్చినా వద్దు.

దాని బదులు ఇవి చెయ్యండి. మీరు రాయలేదు గానీ అడుగుతున్నా, దారం పంటితో తెంపుతారా? లేసు అల్లే అక్కచెల్లెళ్ళలో చాలామంది తెంపుతారు, చిన్న కత్తెర తాడుకి కట్టి మెళ్ళో వేసుకోండి, ఈరోజే. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు, ఇది చాలామందికి తెలీదు, పెదాలు మూసుండాలి, లోపల పళ్ళ మధ్య సందుండాలి, నాలిక కొన పై పళ్ళ వెనక అంగిలికి ఆనుండాలి. పనిలో మునిగిపోతే తెలీకుండానే పళ్ళు బిగించేస్తాం. మీకు ఓ ఉపాయం, ఒక్కో వరస అల్లడం అవ్వగానే పళ్ళు తాకుతున్నాయా అని చూసుకోండి, తాకుతుంటే వదిలి భుజాలు కిందకి జార్చండి. రోజుకి ఎన్ని వరసలల్లుతారో అన్నిసార్లు గుర్తొస్తుంది. ఒళ్ళో తలగడ పెట్టుకుని దాని మీద పనిపెడితే మెడ అంత వంగదు, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

నాలిక అంగిలికి ఆనించే నోరు మెల్లగా తెరవడం, మెల్లగా మూయడం, ఒక్కోసారికి ఆరు చొప్పున రోజుకి ఆరుసార్లు. వేణ్ణీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చెంప మీద పది పదిహేను నిమిషాలు, పొద్దున్నా రాత్రీ. రెండు మూడు వారాలు మెత్తటి తిండి, పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, పొట్టిక్కలు. తేగలు, చెరుకు ముక్క, జంతికలు, పచ్చి కొబ్బరి, మామిడి తాండ్ర ఇవి మాత్రం కొన్నాళ్ళు ఆపండి. తాండ్ర మెత్తగానే ఉంటుంది కదా అంటారు, అది సాగి సాగి దవడని ఎంత పని చేయిస్తుందో తినేటప్పుడు చెంప మీద చెయ్యి పెట్టి చూడండి. తేగల సీజన్లో నా దగ్గరకి దవడ నొప్పులు ఎక్కువొస్తాయి, ఒక్కొక్కరు కట్టకి కట్ట తినేసి వస్తారు. నొప్పి మాత్రలు బిడ్డ కోసం చూస్తున్నప్పుడు సొంతంగా వేసుకోకండి. ఆరేడు వారాలు ఇది చేసి, తగ్గకపోతే భీమవరంలోనూ రాజమండ్రిలోనూ అమలాపురంలోనూ డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ వాళ్ళకో, దవడ ఆపరేషన్లు చేసే మాక్సిల్లోఫేషియల్ సర్జన్లకో చూపించండి.

ఇక ఆ బ్యూటీ క్లినిక్ సంగతి. ఈ మందు 100 యూనిట్లు, 50 యూనిట్లు ఇలా సీసాల్లో పొడిగా వస్తుంది, ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, సెలైన్ కలిపాక త్వరగా వాడెయ్యాలి. ఇద్దరొస్తే తక్కువ అంటున్నారంటే ఒకే సీసాని ఎంతమందికి పంచుతున్నారో, ఎంత నీళ్ళు కలుపుతున్నారో, కరెంటు పోయినప్పుడు ఆ ఫ్రిజ్ ఏమైందో ఎవరికి తెలుసు? 2024లో అమెరికాలోనే నకిలీ బొటాక్స్ వేయించుకుని మనుషులు ఆస్పత్రి పాలయ్యారు. ఎప్పుడైనా, ఎవరైనా వేయించుకోవాల్సొస్తే క్వాలిఫై అయిన డాక్టరు దగ్గరే, సీసా మీ ఎదురుగా తెరవమని అడగండి, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు, ఏ కండకి ఎన్ని యూనిట్లు వేశారో చీటీ మీద రాయించుకోండి. ఒక బ్రాండు యూనిట్ ఇంకో బ్రాండు యూనిట్‌తో సమానం కాదు, అందుకే ఆ చీటీ దాచుకోవాలి. అడిగితే చిరాకుపడే చోట చేయించుకోకండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు చేస్తున్నానండి, వయసు 41. రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నానని మా ఆవిడ గోల, పక్క గదిలోకి వినపడుతోందంట. పొద్దున్నే దవడలు నొప్పి. రాత్రి గట్టు మీద మేలుకోడానికి వక్కపొడీ గుట్కా వేస్తానండి, ఈ మధ్య కారం తగిలితే నోరంతా మంట, నోరు కూడా ఇదివరకులా పూర్తిగా తెరుచుకోట్లేదు. మా ఫ్రెండు బొటాక్స్ వేయిస్తే నోరు వదులవుతుందన్నాడు. నిజమేనా అండి?

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో పళ్ళు కొరకడం కంటే చివర్లో రాసిన రెండు ముక్కలే నన్ను కంగారు పెట్టాయి. కారానికి మంట, నోరు తెరుచుకోకపోవడం, వక్క అలవాటు, ఈ మూడూ కలిశాయంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అయ్యుండే అవకాశం ఉంది, బుగ్గల లోపల మెత్తటి పొర గట్టిపడి తాడులాగా బిగుసుకుపోతుంది. అక్కడ బిగిసింది కండ కాదు, పొర. దానికి బొటాక్స్ ఏమీ చెయ్యలేదు. ఈ జబ్బుకి కారణం వక్క, పొగాకు లేని వక్కపొడి అయినా సరే వక్క వక్కే. కొంతమందిలో ఇది కాన్సర్‌లోకి దిగుతుంది, అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అద్దం ముందు నోరు తెరిచి మీ వేళ్ళే నిలువుగా పెట్టి చూడండి, మూడు పట్టకపోతే ఈ వారంలోనే డెంటల్ కాలేజీకి వెళ్ళండి, బుగ్గ లోపల తెల్లగా పాలిపోయిందా, ఎక్కడైనా మానని పుండుందా చూస్తారు. మొదట్లో పట్టుకుంటే వక్క మానేసి, నోటి వ్యాయామాలు, ఇంజక్షన్లతో అక్కడితో ఆపొచ్చు. ఈ ఉత్తరం చదివిన క్షణం నుంచే జేబులో ప్యాకెట్టు తీసి పడేయండి తమ్ముడూ, ఇది చెప్తుంటే నాకు గొంతు పట్టేస్తోంది, మన చెరువుల వైపు నుంచి మీ వయసువాళ్ళు ఆలస్యంగా రావడం చాలాసార్లు చూశాను.

ఇక రాత్రి పళ్ళు కొరకడం. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే గంటల్లో పంటంతా పైకి తేలుతుంది, లక్షల్లో అప్పు. ఆ భయం పెట్టుకుని కునుకు తీసే మనిషి దవడ వదులుగా ఎలా ఉంటుంది? బొటాక్స్ వేస్తే కొరికే బలం తగ్గుతుంది, కొరకడం మాత్రం ఆగదు, మెదడు నుంచి వచ్చే ఆ కదలిక అలాగే వస్తూ ఉంటుంది. మీకు గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా, మీ ఆవిణ్ణి అడగండి, ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి, పళ్ళు కొరకడం, ఇదీ కలిసే ఉంటాయి చాలామందికి. నిద్ర మాత్రలు, డిప్రెషన్ మాత్రలు ఏవైనా వాడుతుంటే పేర్లు డాక్టరుకి చెప్పండి, కొన్ని డిప్రెషన్ మాత్రలు పళ్ళు కొరకడం పెంచుతాయి, అలాగని సొంతంగా ఆపెయ్యకండి. సాయంత్రం తర్వాత టీ తగ్గించండి, నిద్రకి ముందు మద్యం తాగితే ఇది ఎక్కువవుతుంది. గట్టు మీద కాపలా ఇంకో మనిషితో వంతులేసుకుని వారంలో మూడు రాత్రుళ్ళైనా ఇంట్లో పూర్తిగా నిద్రపోండి. పళ్ళ అరుగుదల చూపించుకుని గార్డు చేయించుకోండి, మీకు అది అవసరం.

ప్రశ్న: రాజమండ్రి నుంచి రాస్తున్నానండి. మా అమ్మాయికి 24, ఇంకో నెల పది రోజుల్లో పెళ్ళి. దవడలు కొంచెం వెడల్పుగా ఉంటాయి, ఎప్పుడైనా గట్టివి నమిలితే నొప్పంటుంది. ఇప్పుడు బొటాక్స్ చేయిస్తే నొప్పీ పోతుంది, ఫొటోల్లో మొహమూ బాగుంటుందని తన ఫ్రెండ్స్ చెప్పారంట. చేయించనా?

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి కావాల్సింది సన్నటి మొహం, నొప్పి పేరు తోడు తెచ్చుకుంది, అంతే. అందులో తప్పు లేదు గానీ ఆ రెంటినీ కలపకండి. గట్టివి నమిలితే ఎప్పుడో వచ్చే నొప్పికి సూది అక్కర్లేదు. సన్నబడటం కోసమైతే, కండ పనిలేక చిక్కిపోతేనే మొహం సన్నబడేది, అది కనపడాలంటే నెల పైన పడుతుంది, కొందరికి రెండు నెలలు. అంటే పెళ్ళి ఫొటోల నాటికి మార్పు సగంలో ఉంటుంది, రిస్కు మాత్రం పూర్తిగా ఉంటుంది. మందు మాసెటర్ నుంచి కొంచెం ముందుకి పాకితే నవ్వే కండకి తగిలి నవ్వు ఒక పక్కకి లాగుతుంది, అది పోవడానికి వారాలు పడుతుంది. పీటల మీద కూర్చున్న పిల్ల నవ్వు వంకరైతే ఆ ఆల్బమ్ ఎన్నేళ్ళు చూసుకోవాలో ఆలోచించండి. ఇంకా కొందరికి నమిలేటప్పుడు చెంపలో ఒక ముద్ద ఉబ్బినట్టు కనపడుతుంది, చెంపలు లోపలికి పోయి వయసు పైబడినట్టుంటుంది. మళ్ళీ మళ్ళీ వేయించుకుంటే దవడ ఎముక మీద ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది, కుందేళ్ళ మీదా ఎలకల మీదా చేసిన ప్రయోగాల్లో కీలు దగ్గర ఎముక పలచబడటం చూశారు, మనుషుల్లో చూసినవి ఒక్కతీరుగా లేవు. పెళ్ళికి ముందు వద్దమ్మా. పెళ్ళయ్యాక తనకింకా కావాలనిపిస్తే అప్పుడు తీరిగ్గా మంచి డాక్టరు దగ్గర మాట్లాడుకోవచ్చు, కానీ పిల్లల కోసం చూసే రోజులైతే పైన చెప్పిందే వర్తిస్తుంది.

ఇప్పటికే ఎక్కడో వేయించేసుకుని ఇది చదువుతున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసం ఓ మాట. నమలడానికి బలం చాలకపోవడం, సూది దగ్గర కమిలిపోవడం, నవ్వు కొంచెం తేడా ఇవన్నీ వాటంతటవే తగ్గుతాయి, తొందరపడి సరిచేస్తామని ఇంకో సూది వేయించుకోకండి, రెండు సూదుల మధ్య కనీసం 12 వారాలు ఉండాలి. కానీ మింగడం కష్టమైనా, మాట ముద్దగా వస్తున్నా, కనురెప్పలు వాలినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళి ఫలానా రోజు బొటాక్స్ వేయించుకున్నామని చెప్పండి. మయస్థీనియా గ్రేవిస్ లాంటి నరాల కండరాల జబ్బు ఉన్నవాళ్ళు అసలు దీని జోలికి పోకూడదు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజక్షన్లు వాడుతున్నప్పుడు కూడా చెప్పాలి, అవి దీని ప్రభావాన్ని పెంచుతాయి.

ప్రశ్న: అమలాపురం దగ్గర నుంచండి, వయసు 66, రిటైర్డ్ టీచర్ని. షుగరుంది. పదిహేను రోజుల నుంచి ఎడమ దవడ లాగుతోంది. పొద్దున్న కాలవ గట్టు వెంట నడిస్తే నొప్పి వస్తుంది, ఆగి కూర్చుంటే పోతుంది. పళ్ళు కట్టుడు పళ్ళే. ఇది కీలు నొప్పా, ఆ సూది నా వయసులో వేస్తారా?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం అందిన రోజే అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి మాట్లాడాను, మీకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి నొప్పే ఉన్న ఇంకొకరు చదువుతారని ఇక్కడ అచ్చు వేయిస్తున్నా. దవడ కీలు నొప్పి నమిలితే, ఆవలిస్తే, మాట్లాడితే పెరుగుతుంది. నడిస్తే వచ్చి ఆగితే పోయే దవడ నొప్పి గుండెది కావచ్చు, షుగరున్నవాళ్ళకి ఛాతీలో ఏమీ తెలీకుండా దవడలోనో ఎడమ చేతిలోనో మాత్రమే రావడం ఉంది. దీనికి పళ్ళ డాక్టరు వద్దు, ఆ సూదీ వద్దు, ఆరోజే ఈసీజీ తీయించుకుని గుండె డాక్టరుకి చూపించాలి. అలాగే యాభై దాటినవాళ్ళకి నమిలేకొద్దీ దవడ అలిసిపోయి నొప్పి పుట్టడం, కణత ముట్టుకుంటే నొప్పి, కొత్తగా తలనొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే అది కణత రక్తనాళం వాచే జబ్బు కావచ్చు, అరుదే గానీ ఆలస్యం చేస్తే కన్ను పోతుంది, అదే రోజు రక్తపరీక్షలు చేయించి ఫిజీషియన్‌కి చూపించాలి. కూర్చున్నా తగ్గని దవడ నొప్పితో చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా ఇంట్లో వాళ్ళు బండి కోసం చూడకుండా 108కి ఫోన్ చెయ్యండి.